మాత్ర ఆపి చేయించిన రక్తపరీక్ష

ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రికకు వార్తలు రాశాను. సగం కాలం తమిళనాడులోని కోవిల్‌పట్టిలో, మిగతా సగం విరుదునగర్‌లో. రాసింది తమిళంలో. ఇంట్లో మాట్లాడింది తెలుగు, అదీ ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు విని నవ్వుకునే తెలుగు. రిటైరయ్యాక తీరిక చిక్కి అక్షరాలు దిద్దుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పనికొస్తుందని గట్టిగా చెప్పలేను.

ఏ సంవత్సరం ఏ హోదా వచ్చింది, ఎవరు ఎక్కడికి బదిలీ చేశారు అన్నవి వదిలేస్తాను. ఒక వార్త గురించి మాత్రం చెప్పాలి. అది ఒక మందు గురించి, ఒక రక్తపరీక్ష గురించి. రాసేనాటికి నాకు అర్థమైందనుకున్నాను. తర్వాత అర్థం కాలేదని తెలిసింది. ఇప్పుడు ఎంత అర్థమైందో నాకే సరిగ్గా తెలియదు.

చదివాక ఏం చేస్తారు

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, కడంబూరు స్టేషన్లో ఒక ఎక్స్‌ప్రెస్ బండి ఆగే విషయం పరిశీలనలో ఉందని రాశాను. వారం తిరక్కుండా పెట్టెలూ మూటలూ పట్టుకుని కొందరు అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. బండి వాళ్ల ముందునుంచే దూసుకుపోయింది. స్టేషన్ మాస్టరు నాకు ఫోన్ చేసి, "మీ వార్తను నమ్ముకుని వచ్చారు. వచ్చి వీళ్లకు మీరే ఏదైనా చెప్పండి" అన్నాడు.

వెళ్లాను. ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "బండి నిలుస్తాదని రాసినోడివి నువ్వేనా? అయితే నువ్వే మమ్మల్ని తిరునల్వేలి దాకా ఎత్తుకుపో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 'పరిశీలనలో ఉంది' అన్న మాట నాకు ఒక అర్థం, ఆయనకు ఒక అర్థం. నేను రాసింది తప్పు కాదు. ఆయన చదివింది కూడా తప్పు కాదు. మధ్యలో ఏం జరిగిందో అప్పుడు పట్టించుకోలేదు. ఎవరికీ నష్టం లేదు కనుక నవ్వి వదిలేశాను. అదే నా పొరపాటు.

డాక్టరమ్మ చెప్పింది

నా ఉద్యోగం చివరి సంవత్సరంలో విరుదునగర్‌లో వారం వారం ఆరోగ్యం మీద చిన్న శీర్షిక రాసేవాణ్ని. మదురైలో రక్తపు క్యాన్సర్లు చూసే డాక్టర్ సుగంతి నెలకొకసారి విరుదునగర్ వచ్చి రోగులను చూసేవారు. చూడటం అయ్యాక నాకు పావుగంట ఇచ్చేవారు. ఒక నెల ఆమె ఎత్తుకున్న విషయం బూజు.

బూజు అంటే తడి గోడ మీద, పాత గడ్డి మీద, ముక్కిన గింజల మీద పట్టేదే. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మనం పీలుస్తూనే ఉంటాం, ఏమీ కాదు. క్యాన్సర్‌కు గట్టి మందులు ఎక్కించినప్పుడు ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేకుండా పోతాయి. అప్పుడు అదే బూజు ఊపిరితిత్తుల్లో నాటుకుని మనిషిని తినేయగలదు. అందుకని అలాంటివాళ్లకు బూజును అణిచే మాత్ర ముందే ఇస్తారు. జబ్బు వచ్చాక కాదు, రాకుండా.

ఇంతవరకు తేలికే. ఆ తర్వాతే నా తల తిరిగింది.

బూజు ఒంట్లో పెరుగుతుంటే దాని గోడల్లోని ఒకరకం చక్కెర పదార్థం రక్తంలోకి వస్తుంది. దాన్ని పట్టుకునే పరీక్ష ఉంది, గాలాక్టోమానన్ పరీక్ష అంటారు. ఒకప్పుడు ఇలాంటి రోగులందరికీ వారానికి ఒకటి రెండుసార్లు ఆ పరీక్ష చేసేవాళ్లట. ముందుజాగ్రత్త మాత్ర తింటున్నవాళ్లకు ఇప్పుడు అలా వరసపెట్టి చేయనక్కరలేదు అన్నారు డాక్టరమ్మ.

"ఎందుకు?" అన్నాను.

"రెండు కారణాలు. మాత్ర వల్ల జబ్బు అరుదైపోతుంది. అంత అరుదైన దాని కోసం ఏ లక్షణమూ లేనివాళ్లను వెతుకుతూ పోతే, 'ఉంది' అని వచ్చిన వాటిలో చాలావరకు ఉత్తివే అవుతాయి. మనిషిని ఊరికే భయపెట్టినట్టు."

"రెండోది?"

"ఒకవేళ మాత్రను దాటుకుని జబ్బు వచ్చిందనుకోండి. మందు బూజును అణిచిపెడుతుంది కాబట్టి రక్తంలోకి వచ్చే పదార్థం తగ్గుతుంది. జబ్బు ఉన్నా పరీక్షలో 'లేదు' అని రావచ్చు."

"అంటే ఉంది అంటే నమ్మకూడదు, లేదు అంటే కూడా నమ్మకూడదు?"

"అట్లా కాదు" అని ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అనుమానం లేనివాళ్లకు ఊరికే చేయొద్దు అంటున్నాను. జ్వరం తగ్గకపోతే, దగ్గు వస్తే, అప్పుడు ఛాతీ స్కాన్ తీస్తాం. అవసరమైతే ఊపిరితిత్తిలోకి గొట్టం పంపి, కడిగిన నీళ్లు తీసి, వాటికి ఈ పరీక్ష చేస్తాం. అక్కడ ఎక్కువ దొరుకుతుంది."

నేను మూడుసార్లు తిప్పి తిప్పి అడిగాను. మూడుసార్లూ ఓపికగా చెప్పారు. నా నోట్‌బుక్కులో ఆ పేజీ నిండా బాణం గుర్తులు, కొట్టివేతలు. మాత్ర ఆపకూడదు అని ఆమె విడిగా చెప్పారా లేదా అన్నది ఆ పేజీలో లేదు. చెప్పి ఉంటారు. చెప్పకపోయి కూడా ఉండవచ్చు. ఆ గదిలో ఉన్న ఇద్దరికీ అది చెప్పాల్సినంత విషయంగా తోచి ఉండదు.

చివరి పేరా

మేం పంపిన వార్తలను దిద్ది అచ్చుకు పంపే మదురై డెస్కులో మా పెద్ద దురైసింగం. నాకు పని నేర్పింది ఆయనే. ముఖ్యమైనది ముందు రాయి, ఆ తర్వాత దానికన్నా తక్కువది, చోటు చాలకపోతే కింది నుంచి కత్తిరిస్తాం, ఏడవొద్దు అనేవాడు. ఆ పద్ధతి అన్ని పత్రికల్లోనూ ఉన్నదే. బస్సు బోల్తా పడిన వార్తకు, మునిసిపాలిటీ గొడవకు అంతకన్నా మంచి పద్ధతి లేదు. నేను జీవితమంతా అలాగే రాశాను.

ఆ వారం వార్తలో మొదటి పేరా: ముందుజాగ్రత్త మందు తింటున్నవారిలో రక్తపరీక్ష జబ్బును పట్టుకోలేకపోవచ్చు. కొత్త సంగతి అదే గనుక మొదట పెట్టాను. రెండు, మూడు పేరాల్లో కారణాలు. చివరి పేరాలో, అందుకే పరీక్ష మీద ఆధారపడకుండా జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని, స్కాన్ తీయిస్తారని.

పొద్దున పేపరు చూస్తే చివరి పేరా లేదు. దాని చోట పట్టుచీరల ప్రకటన ఉంది. పైన శీర్షిక: "మందు తింటే పరీక్షలో దాక్కునే జబ్బు."

ఫోన్ చేశాను. "ఏమయ్యా, చివర పెట్టింది చివరిదే కదా" అన్నాడు దురైసింగం. "అంత ప్రాణమైతే తలకాయలో పెట్టాల్సింది. తోక కోస్తే చస్తుందని నాకు చెప్పావా?"

చెప్పలేదు. నాకూ తెలియదు. సరే అని పెట్టేశాను. శీర్షిక మాత్రం బాగుందనుకున్నాను కూడా. ఇది దాచడం ఇష్టం లేక రాస్తున్నాను.

రెండు తుండ్లు

రెండు వారాల తర్వాత కృష్ణవేణి మా ఆఫీసుకు వచ్చింది. అరుప్పుకోట్టైలో వాళ్లకు నాలుగు మర మగ్గాలు. ఆమె భర్త గురుసామికి రక్తపు క్యాన్సర్. మొదటి విడత మందులు వేరే ఆసుపత్రిలో, రెండోది డాక్టర్ సుగంతి దగ్గర అయ్యాయి. మూడో విడత ఇంకో పది రోజుల్లో మొదలు కావాలి. అది సమయానికి పడితే జబ్బు లొంగుతుందని డాక్టరమ్మ ఆశ పెట్టి ఉన్నారు. ఇదంతా నాకు ముందే తెలుసు. మగ్గాల కరెంటు కోతల గురించి రాసిన రోజుల నుంచి వాళ్లింటికి రాకపోకలు ఉన్నాయి.

బల్ల మీద రెండు కొత్త తుండ్లు పెట్టింది. "మన మగ్గంలోవే అన్నా. ఉంచుకోండి."

"ఎందుకమ్మా?"

"మీరు రాసింది దా మాకు దారి చూపించింది." మా తెలుగులో ఈ 'దా' అంటే 'నే', రాసిందే అని. సంచిలోంచి ఆసుపత్రి ఫైలు తీసింది. ఫైలు మొదట్లోనే నా వార్త, చతురస్రంగా కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో ఉంది. "నేను మూడు తూర్లు చదివితిని. మా అత్తకి కూడా చదివి చెప్తిని. మొదటి ఆస్పత్రిలో వారం వారం ఆ పరీచ్చ తీస్తా ఉన్నిరి. మదురై డాక్టరమ్మ ఏంటికి నిలిపేసిందో నాకు తెలియకనే ఉన్నింది. మీది చదివినాంక తెలిసె. మాత్తర దాచేస్తాది, అందుకని."

"అవును" అన్నాను. ఇంకా నాకు వెలగలేదు.

"ఆయనకి పదిదినాలుగా సాయంత్రమైతే ఒళ్లు వెచ్చగా ఉండాది. రోంత దగ్గు. సరే, బూజు ఉండాదా లేదా తెలుసుకోవాల కద. ఆ పరీచ్చకి రాసిన పాత చీటీ ఫైల్లోనే ఉన్నింది. అది పెట్టి ఈడ ల్యాబులో నెత్తురు ఇస్తిమి. ఇదో, లేదు అని వచ్చింది." రిపోర్టు నా ముందుకు జరిపింది. "మాత్తర తింటా వచ్చిన 'లేదు' కాదన్నా ఇది. నిజమైన 'లేదు'."

"నిజమైన లేదు అంటే?"

"మాత్తర నిలిపేస్తిని కద. ఆరు దినాలు నిలిపి, ఆపైన దా నెత్తురు ఇచ్చింది."

నేను రిపోర్టును దగ్గరికి లాక్కుని చూశాను. ఆమె నాకు అర్థం కాలేదనుకుని ఇంకొంచెం వివరించింది.

"మగ్గం ఆడతా ఉంటే తెగిన పోగు కనపడదన్నా. పైకి గుడ్డ బాగానే వస్తా ఉండాదని అనుకుంటాము. మగ్గం నిలిపి, వంగి చూస్తే దా పోగు తెగింది తెలిసేది. ఇదీ అంతే కద?"

ఆమె చెప్పింది విన్నప్పుడు ఒక్క క్షణం నాకూ సబబుగానే తోచింది. ఇప్పటికీ నన్ను కలతపెట్టేది అదే. మందు జబ్బును దాస్తుంటే, మందు ఆపితే జబ్బు బయటపడాలి. నా వార్తలో దీన్ని కాదనే ముక్క ఒక్కటీ లేదు. నేను మళ్లీ ప్లాస్టిక్ కవరులోంచి చదువుకున్నాను. నిజంగానే లేదు.

"ఎవరు నిలపమన్నారు?" అని మాత్రం అడగగలిగాను.

"ఎవరు చెప్పాల? అత్త చెక్కర పరీచ్చకి పొయ్యే దినం పొద్దున మాత్తర వేసుకోదు కద. అది తెలిసిందే కద."

డాక్టర్ సుగంతికి ఫోన్ చేశాను. ఆమె విషయం సగంలోనే ఆపి, "మనిషి ఎక్కడ?" అన్నారు.

"ఇంట్లో."

"ఆ కాగితం పక్కన పెట్టండి. మనిషిని తీసుకురండి. ఈరోజే."

కారు మాట్లాడుకుని అరుప్పుకోట్టై వెళ్లాం. గురుసామి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ నోటి చలాకీతనం పోలేదు. "ఏందన్నా, పేపర్లో రాసేది చాలక మనుషుల్ని మోసే పని కూడా పట్టుకొంటిరా?" అన్నాడు.

దారిలో కృష్ణవేణి మాత్ర సంగతి చెప్పింది. అతనికి అప్పటిదాకా తెలియదు. పళ్లెంలో అన్నంతో పాటు ఆమె పెట్టిన మాత్రలు మింగడమే అతని పని, లెక్క చూసుకోడు.

"నాకు చెప్పుండచ్చు కద."

"చెప్తే నువ్వు బయపడతావు."

"బయపడేవాణ్నే" అన్నాడు.

నాకు తెలియదు, మీకూ తెలియదు

స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. మర్నాడు గొట్టం వేసి కడిగిన నీళ్లు తీశారు. వాటిలో అదే పరీక్ష 'ఉంది' అని చెప్పింది. రక్తంలో 'లేదు' అన్న పరీక్షే. మూడో విడత వాయిదా వేశారు. సూది ద్వారా బూజు మందు మొదలుపెట్టారు. క్యాన్సర్ ఈలోగా తిరగబెట్టకుండా ఉండాలని కోరుకుంటూ వరండాలో కృష్ణవేణి, ఆమె అత్త, నేను కూర్చునేవాళ్లం. ఆ అత్తగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా వార్త ఆమెకు చదివి వినిపించారన్నది నేను మరచిపోలేదు.

డాక్టరమ్మ ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "ఆరు రోజులు ఆపాక కూడా రక్తంలో లేదనే వచ్చింది కదా. మరి మందు దాచిందన్నది ఏమైంది?"

"మందు ఒంట్లోంచి ఒక్కరోజులో పోదు. పోయినా, రక్తంలో ఆ పదార్థం ఒకనాడు చిక్కుతుంది, ఇంకోనాడు చిక్కదు. మాత్ర లేనివాళ్లలో కూడా ఈ పరీక్ష కొందరిని వదిలేస్తుంది. మాత్ర ఆపితే పరీక్ష నిజం చెబుతుందని కాదు. కావలివాణ్ని ఇంటికి పంపేసి, దొంగ వచ్చాడా లేదా అని కిటికీలోంచి చూసినట్టు అయింది ఈమె పని."

"నా వార్త వల్లే వచ్చిందా?"

ఆమె నావైపు తిరిగి చూశారు. "జ్వరం ఎప్పుడు మొదలైంది?"

"పది రోజులు అంటోంది. అంటే మాత్ర ఆపకముందే."

"అయితే అప్పటికే బూజు ఉండి ఉండొచ్చు. మాత్ర తింటున్నా అరుదుగా వస్తుందని చెప్పాను కదా. లేదా ఆ జ్వరం ఇంకేదో అయి, ఆపిన ఆరు రోజుల్లో బూజుకు సందు దొరికి ఉండొచ్చు. నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలిసినట్టు మాత్రం రాయకండి."

అప్పటి నుంచి ఈ రెండిటి మధ్యా తిరుగుతున్నాను. ఒకరోజు నా తప్పేమీ లేదనిపిస్తుంది. ఆమె జ్వరం చూసిన రోజే ఆసుపత్రికి రావాల్సింది అనుకుంటాను. మరుక్షణమే, పరీక్ష తేల్చాలి అన్న ఆలోచన ఆమెకు ఇచ్చింది ఎవరని అడుగుతాను. దురైసింగం చివరి పేరా కోశాడు. అది ఉన్నా అందులో 'మాత్ర ఆపకండి' అన్న మాట లేదు. కోసినదాన్ని తిరిగి అతికించినా నా లెక్క సరిపోదు.

సవరణ వేయమని డెస్కును అడిగాను. "వార్తలో తప్పేముందయ్యా సవరించడానికి?" అన్నాడు దురైసింగం. వ్యంగ్యం కాదు, నిజంగానే అడిగాడు. వెతికాం ఇద్దరం. ప్రతి వాక్యమూ సరిగ్గానే ఉంది. చివరికి ఒక మూల రెండు వరసలు వేయించాడు: ఏ మందైనా వైద్యుల సలహా లేకుండా ఆపరాదు. అలాంటి వరసలు నేను వందల సార్లు చూశాను. ఒక్కసారీ చదవలేదు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక సలహా ఇవ్వాలి. ఇచ్చేముందు నాకే సందేహం. మందుల వార్తలో కొత్త సంగతి మొదట రాయకండి, చదివినవాడు రేపు పొద్దున చేయాల్సింది మొదట రాయండి. ఇది సరైనదే అనుకుంటున్నాను. కానీ అలా రాసిన వార్తను డెస్కులో ఎవరూ వేసుకోరేమో. నేనైతే ఒక్కసారీ రాసి చూడలేదు. ఆ తర్వాత నాలుగు నెలలకే రిటైరయ్యాను.

అంచున రాసిన మాటలు

గురుసామికి బూజు మచ్చ కుంచించుకుంది. మూడో విడత నెలకు పైగా ఆలస్యంగా మొదలై, పూర్తయింది. మళ్లీ మాత్రలు ఇచ్చి ఇంటికి పంపుతున్న రోజు నేను వార్డుకు వెళ్లాను. క్యాన్సర్ పోయిందా అంటే, ఇప్పటికి కనపడటం లేదు అన్నారు డాక్టరమ్మ. ఆ మాటను నేను ఇంకే మాటగానూ మార్చకుండా రాస్తున్నాను.

ఫైల్లో నా వార్త అలాగే ఉంది. "అది తీసేయ్ తల్లీ" అన్నాను.

"ఏంటికి? మీరు రాసింది తప్పు కాదని డాక్టరమ్మే చెప్పె. నేను చదివినది దా వంకర."

వాదించాలనిపించలేదు. కాగితం అడిగి తీసుకుని, మూడు వైపులా ఉన్న ఖాళీ అంచుల్లో పెన్నుతో చిన్న అక్షరాలతో రాశాను. ఈసారి నా పేరా కోసేవాళ్లు ఎవరూ లేరు. జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. స్కాన్ తీస్తారు. ఈ రక్తపరీక్ష పనికిరాదు. ఏ పరీక్ష కోసమూ మాత్ర ఆపకూడదు.

డిశ్చార్జి చీటీ మీద సంతకం పెట్టడానికి వచ్చిన డాక్టర్ సుగంతి అది చూశారు. నిలబడే మొత్తం చదివారు. జేబులోంచి పెన్ను తీసి 'పనికిరాదు' అన్న మాట కొట్టేసి, పైన 'ఒక్కటే చాలదు' అని రాశారు.

"మళ్లీ అదే చేశారు" అన్నారు నాతో. "రేపు ఎవరో డాక్టరు అవసరమై ఈ పరీక్ష రాస్తాడు. ఈ కాగితం చూపించి వద్దంటారు వీళ్లు."

కృష్ణవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీకూ దిద్దుతారా అన్నా" అంది.

"దిద్దుతారు" అన్నాను.

గురుసామి మంచం మీద నుంచి, "ఇంతకీ ఏం రాసిండారు? చదువు" అన్నాడు. ఆమె అచ్చు వార్త మొదటి నుంచి చదివి, కాగితం తిప్పుకుంటూ అంచుల్లోవీ చదివింది, కొట్టివేతతో సహా. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"మాత్తర తినాల్నా, వద్దా?"

"తినాల."

"ఎన్ని దినాలు?"

"డాక్టరమ్మ చాలు అనేదాకా."

"అది మొదటే రాసుంటే అయిపోయిండేది కద" అన్నాడు, నావైపు చూడకుండా.

అన్నం వచ్చింది. ఈ మాత్ర కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి. అతను తినేదాకా ఆగి, ఆమె మాత్ర తెచ్చి అరచేతిలో పెట్టింది. ఈసారి అతను దాన్ని రెండువైపులా తిప్పి చూసుకున్నాడు. పేరు నాకు వినపడేలా చదివాడు. తర్వాత మింగాడు.